నొప్పి లేని చుక్క

మెషిన్ తలుపుకున్న అద్దంలోంచి లోపల జరిగేదంతా చూస్తూ కూర్చోవడం నాకు అలవాటు. నా పీట అద్దానికి ఎదురుగానే ఉండేది. కోత అయిన దిమ్మలు బయటికి రాగానే అంచుల కరకు పోయేలా ఆకురాయితో రుద్ది, గుడ్డతో తుడిచి, ట్రేలో పేర్చడం నా పని. తల ఎత్తితే చాలు, డ్రిల్లు దిగడం, ఇనుము చుట్టలు చుట్టలుగా పైకి లేవడం, పక్కనున్న గొట్టంలోంచి పాలలాంటి కూలెంట్ నీళ్ళు వాటి మీద ధారగా పడటం కనిపించేవి. లోపల ఏం జరుగుతోందో కనబడుతున్నంతకాలం నాకు దిగులు ఉండేది కాదు. కొత్త పంపు నడిచిన రోజున ఆ అద్దం తెల్లబడిపోయింది.

షెడ్డు మా తమ్ముడు హర్సుఖ్‌ది. రాజ్‌కోట్‌లో, ఆజీ వసాహత్ అనే కార్ఖానాల వాడలో, వెనక వరసలో ఉంటుంది. మేం లుహార్లం. మా నాన్న కొలిమిలో కొడవళ్ళు సాగగొట్టేవాడు. వీడు అప్పులూ గిప్పులూ చేసి సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్ పెట్టాడు. దాన్ని నడిపేది వీడి కూతురు కిన్నరి. నేను దానికి ఫోయిని, అంటే మేనత్తను. మాలో బిడ్డకు పేరు పెట్టేది ఫోయే. నేను బడికి పోలేదు. శనగపిండి గాంఠియా కట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. అలాంటి కాగితం ముక్క మీదే ఆ పేరు దొరికింది. దాని తల్లి తొందరగా పోయింది. పిల్ల నా చేతి కిందే పెరిగింది.

నా వాళ్ళు చాలామంది ఉన్నట్టుండి పోయారు. మా ఆయన జస్మత్ వేరావల్‌లో సరుకు ఓడ ఎక్కుతూ నా చెయ్యి పట్టుకున్నాడు. మండుటెండలో ఆ చెయ్యి చల్లగా ఉంది. ఓడ తిరిగి రాలేదు. మా చెల్లెలు కాంత పురిటికి బండెక్కుతూ నా చేతులు పట్టుకుంది. ఆ వేళ్ళూ చల్లగానే ఉన్నాయి. అప్పటినుంచీ ఎవరైనా గడప దాటుతుంటే ఏదో ఒక వంకతో వాళ్ళ చెయ్యి ముట్టుకుని చూస్తాను. షెడ్డులో అందరికీ తెలుసు. నవ్వుకుంటారు. నవ్వుకోనీ అని ఊరుకుంటాను.

ఆ ఏడాది మాకు ఉక్కు దిమ్మల పని వచ్చింది. ఒక్కో దిమ్మలో జేనెడు లోతున సన్నటి రంధ్రాలు వెయ్యాలి. సగం దిగేసరికి లోపల ఇనుప చుట్టలు చిక్కుకునేవి. డ్రిల్లు పుటుక్కున విరిగి లోపలే ఉండిపోయేది. దిమ్మ మూల పడేసుకోవడమే.

"ఇన్నాళ్ళూ నీళ్ళు నెత్తిన పోస్తున్నాం ఫోయీ," అంది కిన్నరి. "మంట కడుపులో ఉంటే నెత్తిన పోసి ఏం లాభం? ఇకమీదట డ్రిల్లు నడుమనే దారి ఉంటుంది. దాంట్లోంచి నీళ్ళు సూటిగా అడుక్కి కొడతాయి. చుట్టలు కాదు, అన్నీ నూకలై బయటికొస్తాయి."

"అంత గట్టిగా కొడితే మెషిన్ ఏమవుతుంది?"

"మెషిన్‌కేం కాదు. నువ్వు ఊరికే కంగారుపడకు."

దీపావళి దగ్గరపడుతుండగా దేవెన్ అనే ఫిట్టర్ వచ్చి పంపు బిగించాడు. మెషిన్ పక్కన ఓ కొత్త ట్యాంకు, వడపోత సంచి, నీలం పెట్టెలో పంపు, దాన్నుంచి డ్రిల్లును తిప్పే స్పిండిల్ దాకా బొటనవేలంత నల్ల గొట్టం. పెట్టె మూత మీద పసుపు రంగు బిళ్ళ ఒకటి అంటించి ఉంది. దాని మీద నల్లటి అరచెయ్యి. ఆ అరచేతిని ఒక సన్నటి గీత ఇటునుంచి అటు పొడుచుకుపోతోంది.

మా ఊరి పొలిమేరలో సతుల రాళ్ళున్నాయి. ఒక్కో రాయి మీద మోచేతి దాకా ఒక చెయ్యి చెక్కి ఉంటుంది. పైకెత్తిన అరచెయ్యి తప్ప మనిషి ఉండదు. పోయిన ఆడదాని తాలూకు మిగిలేది అదే. చిన్నప్పుడు సందె వేళ అటు నడవాలంటే కొంగు నెత్తిన కప్పుకుని పరిగెత్తేదాన్ని. ఇప్పుడు అదే చెయ్యి మా షెడ్డులో నీలం పెట్టె మీద ఉంది.

దీపావళికి ముందొచ్చే ధన్‌తేరస్ నాటికి మెషిన్లన్నీ కడిగి, తుడిచి, ఆపేశాం. వెళ్ళబోతూ దేవెన్ గేటు దగ్గర చెప్పాడు.

"కొద్దిపాటి ఒత్తిడితో నడిపి చూశాను కాకా. పూర్తి ఒత్తిడి నేనొచ్చాకే పెడదాం. పున్నమికి దేవ్ దివాళీ వెళ్ళాక వస్తా. బిగింపులన్నీ ఇంకోసారి చూడాలి."

ఆ తర్వాత కూడా మోటార్‌సైకిల్ మీద కూర్చుని ఏదో చెప్పాడు. వీధిలో పిల్లలు టపాకాయల సరం అంటించారు. హర్సుఖ్ సరే సరే అని తల ఊపాడు. దేవెన్ వెళ్ళిపోయాడు.

దీపావళి అయ్యాక అయిదో రోజు, లాభ పంచమి దాకా మా వైపు ఏ షెడ్డూ తెరవరు. ఆ రోజు ఉదయం పూజ చేసి, ప్రతి మెషిన్ మీదా మొదటి కోత కొయ్యాలి. ఆ మొదటి కోత మొదలైందంటే పూర్తయ్యేదాకా ఆపకూడదు. ఆపితే ఏడాదంతా పని అలాగే తెగుతూ ఉంటుందని మా వాళ్ళ నమ్మకం.

"దేవెన్ వచ్చేదాకా పాత పంపుతోనే కానివ్వరాదూ," అన్నాను.

"కొత్త కోడల్ని గదిలో కూర్చోబెట్టి చీపురుకి దండ వేసినట్టుంటుంది బెన్," అన్నాడు హర్సుఖ్. "ముహూర్తం దానితోనే."

కిన్నరి కుంకుమ కలిపింది. మెషిన్లకు బొట్లు పెట్టాం, సాథియాలు, అంటే స్వస్తిక్ గుర్తులు, వేశాం, కొబ్బరికాయ కొట్టాం. లేత్ మీద పనిచేసే పోపట్ కాకా తన మెషిన్‌కి దండ వేసి దణ్ణం పెట్టాడు.

"అమ్మా, ఏడాదంతా నన్ను కాపాడు. నా యజమాని కళ్ళకి గంతలు కట్టు."

"విన్నాను కాకా," అన్నాడు హర్సుఖ్.

"చెవులు కూడా, అమ్మా."

నేను ఆ పసుపు బిళ్ళకు ఎదురుగా నిలబడి ఉండటం కిన్నరి చూసింది.

"ఇంకా దాన్నే చూస్తున్నావా? ఇవాళ పండగపూట ఏడుపు మొహం పెట్టకు. ఇదిగో." కుంకుమలో నాలుగు వేళ్ళూ ముంచి ఆ బిళ్ళ మీదే పెద్ద సాథియా వేసింది. పసుపు, నలుపు, గీత, అన్నీ ఎరుపు కింద పడిపోయాయి. "నీ చెయ్యి మాయం. సరేనా?"

నేను నవ్వాను. నాకోసమే కదా చేసింది.

నల్ల గొట్టం పంపుతో కలిసే చోట ఎర్రదారం చుట్టి ముడి వేశారు. దిమ్మ బిగించారు. హర్సుఖ్ ఒత్తిడి పూర్తిగా పెంచి స్విచ్ నొక్కాడు.

పాత పంపుది గొణుగుడు. దీనిది అలా కాదు. నేల లోపలినుంచి ఎవరో మూలిగినట్టు, ఆ మూలుగు నా పీట కాళ్ళలోంచి ఎక్కి దంతాల్లోకి వచ్చినట్టు ఉంది. డ్రిల్లు దిగింది. మరుక్షణం అద్దం లోపలివైపు తెల్లగా కప్పుకుపోయింది. ధారా లేదు, డ్రిల్లూ లేదు. పాలలో మొహం ముంచి ఎవరో అవతల నిలబడ్డట్టు ఆ తెలుపు అలలు అలలుగా కదులుతోంది. ఎంత చూసినా అంతే. నేను పీట కొంచెం వెనక్కి జరుపుకున్నాను.

ఒత్తిడి చూపించే ముల్లు డెబ్బై దాకా లేచి, వణికి, కాస్త కిందికి దిగింది.

"ఎక్కడో కారుతోంది," అంది కిన్నరి. వంగి నల్ల గొట్టం పొడుగునా ఎడమచెయ్యి పోనిచ్చింది.

మేమందరం చేసేది అదే. కంటికి కనబడని లీకు చేతికి తెలుస్తుంది. కొలిమి తిత్తికి చిల్లి పడితే మా నాన్న అరచేత్తోనే వెతికేవాడు. మా ఇంట్లో పుట్టినవాళ్ళకు అది ఎవరూ నేర్పక్కర్లేదు. దాని చెయ్యి ఎర్రదారం ముడి దాకా వెళ్ళి, చటుక్కున వెనక్కి వచ్చింది.

"ఏమైందే?"

"ఏం లేదు. చీమ కుట్టినట్టయింది." చెయ్యి తిప్పి చూసుకుంది. వేళ్ళన్నీ కుంకుమే. "ఏం లేదులే." పానా తీసుకుని ముడి పక్కనున్న నట్టు బిగించింది. ముల్లు మళ్ళీ డెబ్బైకి లేచి నిలబడింది. హర్సుఖ్ చప్పట్లు కొట్టాడు.

గాంఠియా, వేయించిన మిరపకాయలు, జిలేబీ కాగితాల మీద పరిచాం. మెషిన్ పని అది చేసుకుపోతోంది. అడుగున ఉన్న ట్రేలోకి నిజంగానే నూకలంత ఇనుము పడుతోంది. హర్సుఖ్ గుప్పెడు తీసి అందరికీ చూపించాడు, ధాన్యం చూపించే రైతులాగా. ఒక్క డ్రిల్లూ విరగలేదు. ఇంకా సగం రంధ్రాలు మిగిలున్నాయి.

కిన్నరి కుడిచేత్తో తింటోంది. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. చూపుడువేలు మాత్రం మిగతా వేళ్ళకు దూరంగా, నిటారుగా పెట్టింది. తనకు తెలియకుండానే అలా పెట్టినట్టుంది. నేను జిలేబీ వడ్డించే వంకతో వంగి ఆ వేలు పట్టుకున్నాను.

"నీ వేలేంటే ఇంత చల్లగా ఉంది?"

"మొదలైంది మోంఘీబెన్ వైద్యం," అన్నాడు పోపట్. "నా చెయ్యి కూడా చూడు బెన్. ఇంకా ఎన్నాళ్ళుంటానో చెప్పు. మా ఆవిడ తెగ అడుగుతోంది."

"నువ్విప్పట్లో పోవు కాకా. జిలేబీ పట్టుకుని కాలిపోతోంది నీ చెయ్యి."

"విన్నావా హర్సుఖ్‌భాయ్? ఇంకో ఇరవై ఏళ్ళు జీతం ఇవ్వాలి నాకు."

అందరూ నవ్వారు. నేను వేలు వదల్లేదు. చెంబులో కొంగు తడిపి తుడిచాను. కుంకుమ వదిలింది. వేలి కొస పక్కన ఒక చుక్క మాత్రం వదల్లేదు. ఆవగింజలో సగం కూడా ఉండదు. దాని చుట్టూ చర్మం సుద్దలా తెల్లగా ఉంది. మళ్ళీ తుడిచాను. చుక్క అలాగే ఉంది.

"వదులు ఫోయీ, కుంకుమే."

"నొప్పిగా ఉందా?"

"లేదు." ఆగి, మళ్ళీ అంది, "అసలేం తెలీడం లేదు. నువ్వు పట్టుకున్నట్టే తెలీడం లేదు."

వేలు నా చేతిలో ఉంది. ఎవరిదో వస్తువు చూసినట్టు దాన్ని చూస్తోంది. నేను మెల్లగా ఒత్తాను. ఆ చుక్కలోంచి నెత్తురు రాలేదు. పాలలాంటి బొట్టు ఒకటి ఊరి నిలబడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కూలెంట్ వాసన. నా చీరకూ, గోడలకూ, మా అందరికీ ఆ వాసన ఎప్పుడూ ఉండేదే. కానీ అది వేలి లోపలినుంచి వస్తోంది.

"హర్సుఖ్, మెషిన్ ఆపు. పిల్లని ఆసుపత్రికి తీసుకుపోవాలి."

"మొదటి కోత బెన్. మధ్యలో ఎలా ఆపుతాను? ముహూర్తం రోజు నాన్న ఎప్పుడైనా కొలిమి ఆర్పాడా? ఇంకో అరగంట ఆగు, అయిపోతుంది."

"అరగంటలో నాకేం కాదులే ఫోయీ," అంది కిన్నరి. "ఇప్పుడు ఆపితే డ్రిల్లు దిమ్మలోనే విరుగుతుంది. మధ్యాహ్నం ఈ దిమ్మల పని ఇచ్చినవాళ్ళ మనిషి చూడ్డానికొస్తాడు. నువ్వు చూసే ప్రతి చెయ్యీ చల్లగానే ఉంటుంది."

అది నిజమే. నేను భయపడిన చేతుల్లో సగం మళ్ళీ క్షేమంగా ఇంటికొచ్చాయి. పిచ్చి ముసల్దాన్ని అనిపించుకుని కూర్చోవచ్చు. కూర్చోబోయాను కూడా. అప్పుడు కిన్నరి ఆ వేలు మడవబోయింది. మడత పడలేదు. మిగతా నాలుగు వేళ్ళూ మూసుకున్నాయి, అదొక్కటీ నిలబడే ఉంది. దాని మొహంలో నవ్వు కొంచెం ఆలస్యంగా ఆరిపోయింది.

మెషిన్ మీద ఒక ఎర్ర గుండీ ఉంటుంది, పుట్టగొడుగంత. ప్రతి ఉదయం దాని మీద దుమ్ము తుడిచేదాన్ని. ఎప్పుడూ నొక్కలేదు. లేచి వెళ్ళి అరచేత్తో నొక్కాను.

లోపల ఏదో పటుక్కుమంది. మూలుగు తెగిపోయింది. పంపు పెద్ద నిట్టూర్పులాంటిది విడిచి ఊరుకుంది. పక్క షెడ్డులో రేడియో పాట వినబడింది. అద్దం మీద తెలుపు చారలు చారలుగా జారి, లోపలి గది మెల్లగా కనబడసాగింది. అక్కడ విరిగిన డ్రిల్లు, సగం పనైన దిమ్మ తప్ప ఎవరూ లేరు. ఉండరని తెలుసు. అయినా మూలలన్నీ చూశాను.

"ఏం చేశావు బెన్?" హర్సుఖ్ అద్దం దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "ఏం చేశావు నువ్వు?"

నేను నీలం పెట్టె దగ్గరికి వెళ్ళి తడి కొంగుతో సాథియా తుడిచేశాను. పండగపూట ఎవరూ చెయ్యని పని. పోపట్ చెంపలు వేసుకున్నాడు. ఎరుపు కిందినుంచి నల్లటి చెయ్యి, దాన్ని పొడుచుకుపోతున్న సన్నటి గీత బయటికొచ్చాయి. కిన్నరి తన వేలు వైపు చూసుకుంది. హర్సుఖ్ ఆ బొమ్మ వైపు చూశాడు.

"గేటు దగ్గర దేవెన్ నీకేం చెప్పాడు?" అని అడిగాను.

"గొట్టం..." అన్నాడు. "నడుస్తుంటే గొట్టం మీద చెయ్యి పెట్టనివ్వొద్దన్నాడు. ఎందుకో టపాకాయల్లో వినబడలేదు, కాలుతుందేమో అనుకున్నాను. మళ్ళీ వస్తాడు కదా అని..."

ఫోన్ కలిపాడు. దేవెన్ గొంతు మా అందరికీ వినబడేలా పెట్టాడు.

"నొప్పి లేదంటోంది బేటా. చిన్న చుక్క, అంతే," అన్నాడు హర్సుఖ్.

"నొప్పి లేదనే చాలామంది ఇంటికి పోయి పడుకుంటారు కాకా. నీళ్ళు చర్మం లోపల ఎంత దూరం పోయాయో పైకి తెలీదు. ఏదో మందు రాయించుకుని రాకండి. చెయ్యి కోసి కడగగలిగే పెద్దాసుపత్రికే పోండి. ఇప్పుడే."

పోపట్ తన ఛకడో తీశాడు. ఆ మూడు చక్రాల బండి వెనక బల్ల మీద మేం ముగ్గురం కూర్చున్నాం. అన్ని షెడ్ల ముందూ మామిడాకులు, ముగ్గులు, కొత్త బట్టల్లో మనుషులు. కొత్త ఏడాది కదా, "సాల్ ముబారక్, కిన్నరీబెన్" అని కేకేశారు. అది కుడిచెయ్యి ఎత్తి "సాల్ ముబారక్" అంటూనే ఉంది. ఎడమచెయ్యి నా ఒళ్ళో ఉంది. దారి పొడుగునా ఆ తెలుపు కొంచెం కొంచెంగా అరచేతి వైపు జరగడం చూశాను. నేను చూస్తున్నానని అది కూడా చూసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల, కిన్నరి కన్నా రెండుమూడేళ్ళు పెద్దదేమో. చుక్క వైపు ఒక్కసారే చూసింది. ఏ నీళ్ళు, ఎంత ఒత్తిడి, ఎంతసేపైంది అని అడిగింది. కిన్నరి అన్నీ సరిగ్గా చెప్పింది. డాక్టరమ్మ వేలి మొదలునుంచి అరచేతిలోకి నొక్కుకుంటూ వచ్చింది.

"ఇక్కడ తెలుస్తోందా? ఇక్కడ?"

"లేదు. లేదు. ఆ, అక్కడ కొంచెం."

"సాయంత్రం వచ్చుంటే చెయ్యి సంగతి మాట్లాడుకోవాల్సొచ్చేది," అంది డాక్టరమ్మ. "ఇప్పుడు వేలి సంగతి మాట్లాడుకుందాం. సంతకం ఎవరు పెడతారు?"

హర్సుఖ్ పెట్టబోయాడు. కాగితం మొదటినుంచీ మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు. కిన్నరి కలం తీసుకుని తనే పెట్టుకుంది.

ఆపరేషన్ గది తలుపు దగ్గర నేను దాని కుడిచెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"అది నా చెయ్యి కాదు ఫోయీ," అంది. "చల్లగా ఉన్నది నీ చెయ్యి."

నా చెయ్యి నా మెడ మీద పెట్టుకుని చూశాను. మంచుముక్క. మరి వేరావల్‌లో, ఆ బండి దగ్గర, చల్లగా ఉన్నది ఎవరి చేతులో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

మా వాళ్ళు వెళ్ళేవాళ్ళతో "ఆవ్‌జో" అంటారు, మళ్ళీ రమ్మని. జస్మత్‌తో అన్నాను. కాంతతో అన్నాను. దీనితో అనలేదు. "ఇక్కడే కూర్చుంటా," అన్నాను. తలుపు మూశారు. దానికీ అద్దం ఉంది, లోపలివైపు తెల్లకాగితం అంటించి.

చూపుడువేలు నడిమి కణుపు దాకా తీసేశారు. అరచెయ్యి కోసి, కడిగి, కొన్నాళ్ళు తెరిచే ఉంచి తర్వాత కుట్టారు. చెయ్యి మిగిలింది. గుప్పిట పడుతుంది, పానా పట్టుకుంటుంది. డాక్టరమ్మ సంతోషించింది. హర్సుఖ్ దేవెన్‌ని పిలిపించి, గొట్టం మీద ఇనుప తొడుగు వేయించి, బిగింపులన్నీ చూపించాక మెషిన్ మళ్ళీ మొదలుపెట్టాడు. కిన్నరి ఇంట్లోనే ఉండాలన్నాడు. "మళ్ళీ దాని దగ్గరికి పంపను," అన్నాడు.

మా ఇల్లు షెడ్డుకి చాలా దూరం. అక్కడి చప్పుడు ఇక్కడికి రాదు. ఒక ఉదయం ఇద్దరం బఠానీలు ఒలుస్తుంటే అది ఆగి, ఎడమచెయ్యి ముందుకు చాచి చూసుకుంది.

"తడుస్తోంది," అంది.

"ఏది?"

"వేలి కొస. చల్లగా, గట్టిగా." లేని వేలు ఉండాల్సిన చోటుకేసి చూస్తోంది. "పంపు వేసినట్టున్నారు."

కాసేపటికి హర్సుఖ్ ఫోన్ చేశాడు. ఇప్పుడే మొదలుపెట్టాం, అన్నం పంపకండి, ఆలస్యంగా వస్తానన్నాడు. నేను దానికేసి చూడలేదు. తర్వాత చాలాసార్లు అదే జరిగింది. అది తడుస్తోందన్నప్పుడు పంపు నడుస్తూనే ఉండేది, ఆగిందన్నప్పుడు ఆగేది. మందులవాడిని అడిగితే, పోయిన వేలు అలా అనిపించడం మామూలే, కొన్నాళ్ళకి పోతుందన్నాడు. నేను నమ్మాను.

మొన్న సెలవు రోజున హర్సుఖ్ మాతోనే ఇంట్లో ఉన్నాడు. షెడ్డుకి తాళం వేసి ఉంది. తాళంచెవి వాడి జేబులో ఉంది. పోపట్ అత్తవారి ఊరు పోయాడు. కిన్నరి టీ గ్లాసు కింద పెట్టింది.

"నడుస్తోంది," అంది.

హర్సుఖ్ నా వైపు చూశాడు. "కరెంటు మెయిన్ తీసి వచ్చాను బెన్. ఇవాళ ఎవరూ లేరు అక్కడ."

"నాకు తెలుసు పప్పా," అంది కిన్నరి. భయం లేదు ఆ గొంతులో, అలసట ఉంది. "ఇంట్లో కూర్చుని తడవడం నావల్ల కాదు. తడిసేదేదో అక్కడే నిలబడి తడుస్తాను. రేపటినుంచి నేనొస్తాను."

వాడు వద్దంటాడని చూశాను. నన్నేమైనా అనమన్నట్టు నావైపే చూశాడు. నేను దాని ఎడమచెయ్యి తీసుకున్నాను. పొడిగానే ఉంది. తుడవడానికి ఏమీ లేకపోయినా కొంగుతో తుడిచాను. తుడుస్తుంటే అది కళ్ళు మూసుకుంది. హర్సుఖ్ జేబులోంచి తాళంచెవి తీసి దాని గ్లాసు పక్కన పెట్టాడు.